ఆంధ్రా వ్యాలీ మన ఆంధ్రదేనా?

కరెంటు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, ఒక పాత వైర్‌మ్యాన్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బొంబాయి గురించే. పోయిన నెల మా నాన్న పనిచేసిన మిల్లు గురించి నాలుగు ముక్కలు రాసినందుకు దక్కిన ఫలితం ఇది. అందుకే ఇన్వర్టర్ బ్యాటరీల ప్రశ్నలు పక్కన పెట్టి, పేజీ మొత్తం బొంబాయికి కరెంటు వచ్చిన కథకే ఇచ్చేస్తున్నాను. బ్యాటరీల వారు ఒక్క నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా తాతగారు బొంబాయి మిల్లులో నేత పని చేసేవారు. ఆయన ట్రంకు పెట్టె అడుగున ఒక పాత షేరు కాగితం దొరికింది. దాని మీద 'ఆంధ్రా వ్యాలీ పవర్ సప్లై కంపెనీ' అని ఉంది. చిరునామా మాత్రం బొంబాయిది. ఆంధ్ర పేరుతో బొంబాయిలో కరెంటు కంపెనీ ఏమిటి? మనవాళ్లెవరైనా పెట్టారా?
– ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: ఆ పేరు చూసి నేనూ ఒకప్పుడు ఛాతీ విరుచుకున్నవాడినే. నాకు అప్పుడు పదకొండో పన్నెండో ఏళ్లు. మేము వర్లీలో ఉండేవాళ్లం. పొట్లం కట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపరు ముక్కలో ఆ పేరు కూడబలుక్కుని చదివి, పరుగున వెళ్లి నాన్నకు చూపించాను. 'బొంబాయికి కరెంటు ఇచ్చేది మనవాళ్లే' అన్నాను. నాన్నకు చదువు రాదు. పక్క గదిలో ఉండే మరాఠీ ఆయన మాత్రం పడీ పడీ నవ్వాడు. ఆయనది మావళ్ ప్రాంతం. 'అది మా ఊరి నది పేరు రా' అన్నాడు.

నిజమే. పుణె జిల్లా మావళ్ తాలూకాలో ఆంధ్రా అనే చిన్న నది ఉంది. దాని మీద ఠోకర్‌వాడి దగ్గర ఆనకట్ట కట్టి, నీటిని పడమటి కనుమల కిందికి దింపి, భివ్‌పురిలో కరెంటు తీశారు. కంపెనీ పెట్టింది టాటాలు, 1916లో. భివ్‌పురి కేంద్రం 1922లో మొదలైంది. ఆంధ్ర దేశానికీ ఆ పేరుకూ ఏ సంబంధమూ లేదు.

ఇక్కడితో ఆపేస్తే మీకు అన్యాయం చేసినట్టే. పేరు మనది కాకపోయినా, నీళ్ల సంగతి వేరు. ఆ ఆంధ్రా నది వెళ్లి ఇంద్రాయణిలో కలుస్తుంది. ఇంద్రాయణి భీమలో కలుస్తుంది. భీమ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అంటే ఆనకట్ట లేకపోతే ఆ నీళ్లు తూర్పుకు పారి మన వైపు రావాల్సినవి. టాటాలు వాటిని పడమటికి మళ్లించి కొండ దింపారు. యంత్రం తిప్పిన నీళ్లు భివ్‌పురి దగ్గర ఉల్హాస్ నదిలో పడి అరేబియా సముద్రంలోకి పోతాయి. కృష్ణా జలాల పంచాయితీ వచ్చినప్పుడు బచావత్ ట్రిబ్యునల్ ఈ మళ్లింపును కూడా లెక్కలోకి తీసుకుంది, ఇంతకు మించి మళ్లించకూడదని దానికి హద్దు పెట్టింది. కాబట్టి ఎవరైనా అడిగితే 'కంపెనీ మనది కాదు, నీళ్లలో మాత్రం మనకు వాటా ఉంది' అని చెప్పండి. మా పక్క గది ఆయనకు ఈ జవాబు చెప్పడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన లేడు.

నేత కార్మికుడి పెట్టెలోకి షేరు కాగితం ఎలా వచ్చిందన్నది మీ ఇంట్లో పెద్దవాళ్లనే అడగాలి.

ప్రశ్న: బొంబాయిలో ట్రాముల కంపెనీ 1905 నుంచే కరెంటు తయారు చేసేదని చదివాను. మరి ఇంకొకరు అంత దూరం వెళ్లి, కొండలెక్కి, చెరువులు కట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మంచి ప్రశ్న. దీనికి కాస్త వెనక నుంచి రావాలి.

బొంబాయిలో మొదట విద్యుద్దీపాలు వెలిగింది 1882లో, క్రాఫర్డ్ మార్కెట్లో. ఈస్టర్న్ ఎలక్ట్రిక్ లైట్ అండ్ పవర్ అనే కంపెనీతో మునిసిపాలిటీ ఒప్పందం రాసుకుంది. మరుసటి ఏడాదికే ఆ కంపెనీ దివాలా తీసింది. మార్కెట్ మళ్లీ గ్యాసు దీపాలకు వెళ్లిపోయింది. కూరగాయల వాళ్లకు పెద్ద తేడా తెలిసి ఉండదు.

తర్వాత 1905లో బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ కంపెనీ వచ్చింది. ఈనాటి బెస్ట్ బస్సుల సంస్థకు అదే మూలం. వాడీ బందర్‌లో బొగ్గు కాల్చి, ఆవిరి పుట్టించి, కరెంటు తీసేవారు. ఆ కరెంటు దుకాణాలకు, బంగళాలకు, వీధి దీపాలకు, 1907 నుంచి ట్రాములకు. మిల్లుల ఆకలికి అది సరిపడే సరుకు కాదు.

అసలు చిక్కు బొగ్గు. బొంబాయి చుట్టుపక్కల వందల మైళ్లలో బొగ్గు గని లేదు. రాణీగంజ్, ఝరియా నుంచి రైల్లోనో, కలకత్తా మీదుగా ఓడలోనో రావాలి. విదేశాల నుంచి కూడా తెప్పించేవారు. నగరంలో 80కి పైగా నూలు మిల్లులు. ప్రతి మిల్లుకూ సొంత బాయిలర్లు, సొంత పొగగొట్టం, సొంత ఆవిరి ఇంజను. కనుమల పైన చూస్తే లోనావాలా ప్రాంతంలో ఏటా నాలుగు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. హైదరాబాదులో పడేదానికి ఇది దాదాపు అయిదు రెట్లు. బొంబాయిలో ఉండే డేవిడ్ గోస్‌లింగ్ అనే ఆర్కిటెక్టు ఆ వాన నీటితో కరెంటు తీయవచ్చని ముందుగా పట్టుబట్టాడు. జంషెట్‌జీ టాటా ఆ మాట చెవిన పెట్టాడు. ఆయనే మిల్లు యజమాని, బొగ్గు బిల్లు ఎంతవుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ 1904లో ఆయన చనిపోయాడు. పని కొడుకు దొరాబ్‌జీ నెత్తిన పడింది.

డబ్బు కోసం మొదట లండన్ వైపు చూశారు, అక్కడ పొసగలేదు. చివరికి ఇక్కడి సంస్థానాధీశులూ వర్తకులే పెట్టుబడి పెట్టారు. టాటా హైడ్రో ఎలక్ట్రిక్ పవర్ సప్లై కంపెనీ 1910 నవంబరులో ఏర్పడింది. 1911 ఫిబ్రవరిలో గవర్నర్ సర్ జార్జి క్లార్క్ వాల్వాన్ దగ్గర శంకుస్థాపన చేశాడు. లోనావాలా, వాల్వాన్, శిరావతా – ఇవి మూడు చెరువులు. వానాకాలం నాలుగు నెలల నీటిని పట్టి మిగతా ఎనిమిది నెలలు వాడుకోవాలి కనుక చెరువులు లేకుండా కుదరదు. 1915 ఫిబ్రవరిలో గవర్నర్ లార్డ్ విల్లింగ్‌డన్ చేతుల మీదుగా కరెంటు వదిలారు. కొండ కింద ఖోపోలీలోని విద్యుత్ కేంద్రం నుంచి బొంబాయిలోని పరేల్ దాకా సుమారు 70 కిలోమీటర్ల లైను, దాదాపు లక్ష వోల్టులు. ముందుగా అందుకున్నది సింప్లెక్స్ మిల్లు.

నమ్మకం మాత్రం ఒక్కరోజులో రాలేదు. మిల్లు వాళ్ల వైపు నుంచి చూడండి. సొంత ఇంజను కళ్లముందు తిరుగుతోంది. దాన్ని ఆపేసి, ఎక్కడో కొండ మీద పడే వానను నమ్ముకోమంటే ఎవరికైనా గుండె జారుతుంది కదా. ఒక పిడుగు పడితే నగరంలో సగం మిల్లులు ఆగిపోవా? నేను వైర్‌మ్యాన్‌గా చేరిన 1973లో కూడా, అరవై ఏళ్ల తర్వాత, మా మిల్లు వెనక పాత బాయిలర్ గది అలాగే ఉండేది. 'ఉండనీ, ఎప్పుడు ఏం అవసరం పడుతుందో' అనేవాడు మా ఫోర్‌మన్. అందులో పావురాలు కాపురం ఉండేవి.

ప్రశ్న: తాతగారూ, నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. లోనావాలా చెరువులు ఫోటోల్లో చూస్తే చాలా చిన్నవి. మన నాగార్జునసాగర్ ముందు అవి కుంటల్లా ఉన్నాయి. అంత కొంచెం నీటితో మిల్లులన్నీ ఎలా తిప్పారు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఎన్ని నీళ్లున్నాయన్నది సగం లెక్కే అమ్మా. ఎంత ఎత్తు నుంచి దిగుతున్నాయన్నది మిగతా సగం. నాగార్జునసాగర్ డ్యాము ఎత్తే 124 మీటర్లు. ఖోపోలీలో నీళ్లు పైపుల్లో దిగే ఎత్తు 500 మీటర్లు దాటుతుంది.

నీకు అర్థమయ్యేలా చేసి చూపిస్తాను. మీ మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉందనుకో. ఆ నీళ్లు పది మీటర్లు దిగి వంటింటి కుళాయిలోకి వస్తాయి. ఆ దిగడంలో ఉన్న శక్తినంతా పట్టుకున్నా ఒక యూనిట్‌లో మూడు శాతం కూడా రాదు. ఫ్యాను ఇరవై నిమిషాలు తిరిగితే అయిపోతుంది. అదే ట్యాంకును ఖోపోలీ పైన పెట్టి కిందికి వదిలితే, దారిలో పోయేది పోగా, దాదాపు 1.2 యూనిట్లు వస్తుంది. అదే ఫ్యాను పదహారు గంటలు తిరుగుతుంది. నీళ్లు అవే, ట్యాంకూ అదే. పెన్ను తీసి నువ్వే లెక్క వేసి చూడు: నీటి ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, మూడింటి గుణకారం. వచ్చిన జౌళ్లను 36 లక్షలతో భాగిస్తే యూనిట్లు.

అంత ఎత్తు నుంచి దిగిన నీటికి పెద్ద రెక్కల టర్బైను పనికిరాదు. అక్కడ పెల్టన్ చక్రం పెడతారు. చక్రం అంచు చుట్టూ రెండు దోసిళ్లు పక్కపక్కన అతికించినట్టుండే గిన్నెలు. నాజిల్ నుంచి తుపాకీ గుండులా వచ్చిన ధార సరిగ్గా రెండు దోసిళ్ల మధ్య అంచును కొట్టి, రెండుగా చీలి, వెనక్కి తిరిగి, ఓపికంతా చక్రానికి ఇచ్చేసి కింద పడుతుంది. నేను ఒక్కసారి చూశాను, మూత తీసి మరమ్మతు చేస్తుండగా. గిన్నెల లోపలి వైపు చేత్తో తడిమితే ఇసుక కోసిన గీతలు తగిలాయి. ఉక్కును నీళ్లు కోస్తాయా అని అప్పటిదాకా అనుకునేవాడిని.

అన్నట్టు, ఇది దేశంలో మొదటి జలవిద్యుత్తు కాదు, పరీక్షలో అలా రాయకు. డార్జిలింగ్ 1897లోనే వెలిగింది. కావేరి మీద శివసముద్రం నుంచి కోలార్ బంగారు గనులకు 1902లో కరెంటు వెళ్లింది. ఆ గనుల్లోనూ మనవాళ్లు చాలామంది ఉండేవారు, ఆ కథ ఇంకోసారి.

ప్రశ్న: మిల్లుల్లోకి విద్యుద్దీపాలు వచ్చాక కార్మికులకు పని తేలికై ఉంటుంది కదా? గ్యాసు దీపాల వేడి, పొగ తప్పాయి. మీ నాన్నగారు ఏమనేవారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వేడీ పొగా తగ్గిన మాట నిజమే. కానీ పని తేలిక కాలేదమ్మా, పొడవైంది.

దీపాలు లేని రోజుల్లో మిల్లుకు సూర్యుడే కాపలా. పొద్దు పొడిస్తే మొదలు, పొద్దు గుంకితే ఆపు. వేసవిలో పదమూడు గంటలు దాటినా, చలికాలంలో పదిన్నరా పదకొండు గంటల పనితోనే ఇంటికి పోయేవారు. దారం కనిపించకపోతే నేసేది ఏమిటి? బల్బు వచ్చాక దారం కనిపించడం మొదలైంది. 1905 నాటికి, కొండ కరెంటు రాకముందే, బొంబాయిలో చాలా మిల్లులు సొంత డైనమోలతో దీపాలు పెట్టి రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు నడిపాయి. గిరాకీ బాగున్న కాలం అది. పత్రికల్లో గొడవ లేచింది, కార్మికులు పనులు ఆపారు, ప్రభుత్వం విచారణ సంఘాలు వేసింది. చివరికి 1911 ఫ్యాక్టరీ చట్టంలో నూలు మిల్లుల్లో మగవాళ్లకు పన్నెండు గంటలకు మించకూడదని రాశారు. పన్నెండు గంటలకు! అదీ ఒక మేలుగానే లెక్క. ఆ తర్వాత 1922లో పదకొండు, 1934లో పది, స్వాతంత్ర్యం వచ్చే వేళకు ఎనిమిది.

ఇది బల్బు సంగతి. మోటారు సంగతి వేరు, అక్కడ కరెంటు నిజంగా మేలు చేసింది. ఆవిరి కాలంలో మిల్లుకు ఒకటే పెద్ద ఇంజను. దాని చక్రానికి గాడులు, ఆ గాడుల్లో మణికట్టంత లావు నూలు మోకులు. అవి ఒక్కో అంతస్తుకూ ఎక్కి అక్కడి ఇనుప కడ్డీని తిప్పేవి. షాఫ్టు అంటారు దాన్ని. కప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి అది తిరుగుతూ ఉంటే, దాని మీంచి ఒక్కో మగ్గానికి ఒక్కో తోలు పట్టా దిగేది. ఇంజను పుట్టించిన బలంలో మంచి భాగం ఆ మోకులు, షాఫ్టులు, పట్టాల రాపిడికే పోయేది. కరెంటు వచ్చిన మొదట్లో ఇంజను స్థానంలో మోటారు పెట్టి, షాఫ్టులు అలాగే ఉంచారు. మగ్గానికో మోటారు పెట్టడం చాలా నెమ్మదిగా జరిగింది.

మా నాన్న పనిచేసిన సాంచా ఖాతాలో, అంటే నేత విభాగంలో, ఆయన చేరినప్పటికి ఇంకా పట్టాలే. (సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు కదా, బొంబాయి మిల్లుల్లోనూ అదే మాట.) పట్టా జారుతుంటే గుగ్గిలం పొడి చల్లేవారు. తెగితే తోలు తాడుతో కుట్టేవారు. కుట్టు ఉన్న చోటు కప్పీ మీదికి వచ్చిన ప్రతిసారీ 'టప్' మని చప్పుడు. మా నాన్న నాలుగు మగ్గాలు చూసేవాడు. ఏ మగ్గం పట్టాకు ఎన్ని కుట్లున్నాయో చప్పుడును బట్టి చెప్పేవాడు. తర్వాత మగ్గానికో మోటారు వచ్చింది. ఆ టప్ టప్ పోయింది, పై నుంచి కారే నూనె పోయింది, గాలీ వెలుతురూ కాస్త పెరిగాయి. ఆయన అన్నది మాత్రం ఇది: 'ఇప్పుడు ఏ సాంచా ఎప్పుడు ఆగుతుందో చెవికి తెలియడం లేదు.' పట్టాల హోరుకు ఆయన చెవి అప్పటికే సగం పోయింది. అదీ ఒక కారణమే.

ఇంకొక మాట. మిల్లులకు కొండ కరెంటు 1915లో వచ్చింది. మేమున్న చాల్‌లో, అంటే ఒంటి గది ఇళ్ల భవనంలో, మా గదికి 1962లో వచ్చింది. అంతకుముందు వసారాలో అందరికీ కలిపి ఒక బల్బు. దాని కింద చోటు కోసం పిల్లలం సాయంత్రం అయిదింటికే పుస్తకాల సంచి పెట్టి వచ్చేవాళ్లం. మిల్లు భోంగా (సైరన్) మోగితే సంచులు జరిపి దారి ఇవ్వాలి, రెండో పాళీ (షిఫ్టు) వాళ్లు వెళ్లడానికి.

ప్రశ్న: బొంబాయి లోకల్ రైళ్లు కూడా ఈ కొండ నీళ్ల కరెంటుతోనే నడిచాయా?
– ఒక పాఠకుడు, భివండీ

జవాబు: మొదట్లో టాటాల కరెంటుతోనే. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు మొదటి కరెంటు రైలు నడిచింది, 1500 వోల్టుల డీసీ. కొన్నేళ్లకు రైల్వే వాళ్లు కల్యాణ్ దగ్గర చోళాలో సొంతంగా బొగ్గు కేంద్రం పెట్టుకున్నారు.

ప్రశ్న: ఆ చెరువుల కింద ఊళ్లు మునగలేదా? మన దగ్గర ప్రాజెక్టు కట్టిన ప్రతిచోటా ఊళ్లు పోయాయి. అప్పట్లో ఎవరూ మాట్లాడలేదా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: శ్రీశైలం ముంపు చూసిన వైపు నుంచి ఈ ప్రశ్న రావడం న్యాయమే. మాట్లాడారు. టాటాల మూడో ప్రాజెక్టు ములా నది మీద, ముళ్శీ దగ్గర. 1921లో అక్కడి మావళ్ల రైతులు సత్యాగ్రహం చేశారు. ముందు నిలిచినవాడు పాండురంగ మహాదేవ్ బాపట్. 'సేనాపతి' బాపట్ అని ఆయనకు పేరు వచ్చింది ఆ పోరాటంతోనే. దేశంలో ఆనకట్టకు ఎదురు నిలిచిన తొలి ఉద్యమాల్లో అది ఒకటి. మూడేళ్లు సాగింది, జైళ్లు నిండాయి, పరిహారం దగ్గర రైతుల్లోనూ చీలిక వచ్చింది, చివరికి ఆనకట్ట లేచింది. కింద భిరా కేంద్రం 1927లో మొదలైంది. ఊళ్లు నీళ్ల కింద ఉన్నాయి. నా పక్క గది మావళ్ ఆయన కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లే ప్రతిసారీ మరాఠీలో ఏదో గొణిగేవాడు. నాకు అర్థమయ్యే వయసు వచ్చాక తెలిసింది, అవి ఊళ్ల పేర్లు.

ప్రశ్న: మొదటి ప్రశ్నలోని పాఠకుడినే. ఆ షేరు కాగితానికి ఇప్పుడు విలువ ఉంటుందా? (రెండో ఉత్తరం)
– సిరిసిల్ల

జవాబు: టాటాల మూడు కంపెనీలూ – టాటా హైడ్రో, ఆంధ్రా వ్యాలీ, టాటా పవర్ – 2000లో ఒక్కటయ్యాయి. ఇప్పుడున్నది టాటా పవర్ మాత్రమే. కాబట్టి కాగితం మీది పేరు పోయినంత మాత్రాన హక్కు పోయిందని అనుకోకండి. మీ తాతగారు దాన్ని మధ్యలో అమ్మేశారో లేదో, వారసత్వం ఎలా రుజువు చేయాలో తేల్చేది నేను కాదు. కాగితం మీద ఫోలియో నంబరు ఉంటుంది, అది పట్టుకుని కంపెనీ షేర్ల రిజిస్ట్రారుకు రాయండి. దళారులు ఎవరైనా వచ్చి 'మేము చూసుకుంటాం' అంటే అసలు కాగితం చేతికివ్వకండి, జిరాక్సు చాలు.

దానికి ప్లాస్టిక్ లామినేషన్ మాత్రం చేయించవద్దు. మా మేనల్లుడు మా నాన్న మిల్లు పాసుకు అదే చేశాడు, లోపల సిరా అంతా అలుక్కుపోయింది. ఇప్పుడు అందులో చదవడానికి మిగిలింది ఖాతా పేరు, నంబరు.